ఇరవై ఎనిమిది, ఇరవై ఏడు, ముప్పై ఒకటి

కుట్టక్క అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. పద్నాలుగేళ్ల కిందట భర్తతో కలిసి వీధి మొదట్లో బట్టలు కుట్టే కొట్టు పెట్టినప్పుడు ఎవరో అలా పిలిచారు, ఆ పిలుపే అతుక్కుపోయింది. భర్తని అందరూ మాస్టారు అంటారు. ఆయన ఎవరికీ పాఠాలు చెప్పిన పాపాన పోలేదు. కత్తెర పట్టినవాడికి ఆ మర్యాద ఎలాగోలా వచ్చేస్తుంది. కొలతలు తీసేదీ, మిషను మీద కుట్టేదీ ఆమె. కోసేది ఆయన. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టరు కాబట్టే అంత చిన్న గదిలో ఇన్నేళ్లు పెద్దగా గొడవ లేకుండా నెట్టుకొచ్చారు.

వాళ్ల కొలతల పుస్తకంలో పేర్లుండవు. పేజీకి ఒక మనిషి. ఒకదాని కింద ఒకటి అంకెలు. పై మూలన, ఆ మనిషి తెచ్చిన గుడ్డలోంచి గోరంత ముక్క గుండుసూదితో గుచ్చి ఉంటుంది. స్కర్టుకైతే మూడంకెలు చాలు: పొడవు, నడుము, తుంటి. మాస్టారు గుడ్డని చూస్తాడు, పుస్తకంలో దాని ముక్కని వెతుకుతాడు, సుద్దతో గీసి కోసేస్తాడు. ఆమె రాసిన అంకెని ఆయన ఒక్కనాడూ అనుమానించి ఎరగడు.

ఆ పుస్తకంలో ఒక్క పేజీకి మాత్రం గుడ్డముక్క లేదు. అది కుట్టక్క సొంత పేజీ.

పెళ్లై పదిహేనేళ్లు, వయసు ముప్పై తొమ్మిది. పిల్లల కోసం ఆమె ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు, మింగని మాత్ర లేదు. ఆఖరికి ఒక డాక్టరమ్మ చీటీ రాస్తూ, "నాలుగు నెలలు ఇవి వేసుకో తల్లీ. నెలనెలా ఎన్ని రోజులకి వస్తోందో రాసిపెట్టుకో. అప్పటికీ కాకపోతే ఇంక నిన్ను తిప్పడం నాకే బాగుండదు" అంది. ఆవిడేమీ దురుసు మనిషి కాదు. నిజం చెప్పింది, అంతే. దురుసుగా చెప్పి ఉంటే తిట్టుకోవడానికైనా ఒక మనిషి దొరికేది.

రాసిపెట్టమంటే కుట్టక్క చేతికి అందింది కొలతల పుస్తకమే. మొదటి నెల ఇరవై ఎనిమిది అని రాసింది. రెండో నెల ఇరవై ఏడు. మూడో నెల ముప్పై ఒకటి. ఆ చివరి మూడు రోజులూ ఆమె నేల మీద నడవలేదు. నాలుగో నెల చోటు ఇంకా ఖాళీగా ఉంది. ఇదే ఆఖరి నెల.

ఈ లెక్క భర్తకి చెప్పలేదు. ఆరేళ్ల కిందట తొమ్మిది రోజులు ఆలస్యమైతే చెప్పింది. ఆ మనిషి నోట్లో నువ్వుగింజ నానదు. ఊడిన బొత్తాం కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లకి కూడా చెప్పేశాడు. పదో రోజున ఆ ముచ్చట తీరిపోయింది. ఆ తర్వాత మూడు నెలలపాటు కొట్లోకి వచ్చినవాళ్లంతా "ఎన్నో నెల?" అని అడగడం, ఆయన కత్తెర కింద పెట్టి ఒక్కొక్కరికీ తల వంచుకుని జవాబు చెప్పడం. అది చూశాక ఆమె ఆశపడే పని కూడా ఒక్కతే చేసుకోవడం మొదలుపెట్టింది.

ముప్పై మూడో రోజున, పక్క వీధి ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ యూనిఫాం స్కర్టుకి తెల్లగుడ్డ తెచ్చింది. మంచి దిట్టమైన మనిషి. టేపు చుట్టడానికి కుట్టక్క ఆమెని దాదాపు కావిలించుకోవాల్సి వచ్చింది. మాస్టారు అప్పుడు దారాలు కొనడానికి వెళ్లాడు. కుట్టక్క కొలిచింది, కొత్త పేజీలో రాసింది. ధ్యాసంతా పొత్తికడుపు మీదే ఉంది. పొద్దుటి నుంచి అక్కడ సన్నగా లాగుతోంది. అది మంచికి లాగుతోందో చెడుకి లాగుతోందో తెలియదు. ఆ పరధ్యానంలో తెల్లగుడ్డ ముక్కని నర్సమ్మ పేజీకి కాకుండా, రోజూ తిప్పి చూసుకునే తన పేజీకి గుచ్చేసింది.

మర్నాడు మాస్టారు స్కర్టు కోసి, ముక్కలు మిషను మీద పెట్టాడు. కుట్టక్క విప్పి చూసి ఆగిపోయింది.

"ఏమండీ, ఇదెవరిది?"

"నర్సమ్మది."

"ఇందులో ఆవిడ ఒక కాలు కూడా పట్టదు!"

కోతలో తప్పు పట్టడమంటే మాస్టారికి తల తీసేసినట్టే. పుస్తకం తెచ్చి, తెల్లముక్క ఉన్న పేజీ తీసి, వీధిలోకి వినపడేలా చదివాడు.

"ఇరవై ఎనిమిది, ఇరవై ఏడు, ముప్పై ఒకటి. నువ్వు రాసిందేగా? నేనూ అనుకున్నాను, పాపం ఈ నర్సమ్మ తిండి తింటోందో లేదో అని."

ఆ మూడంకెలూ పైకి ఎవరైనా చదవగా ఆమె వినడం అదే మొదటిసారి. ఆమె మొహం చూసి ఆయన గొంతు తగ్గించాడు.

"ముక్క తప్పు పేజీకి గుచ్చావా? పోనీలే. మరి ఈ కొలతలెవరివి?"

వీధిలో ఏ సన్నపాటి పిల్ల పేరు చెప్పినా సరిపోయేది. అబద్ధం నోటిదాకా రాలేదు.

"నావి."

"నీ నడుము ఇరవై ఏడా? పెళ్లినాటికే దాటేశావు కదే!"

"కొలతలు కావండీ. రోజులు."

ఆయనకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత ఖాళీగా ఉన్న నాలుగో చోటు మీద వేలు పెట్టాడు.

"ఇక్కడేం రాయలేదే?"

"ఇంకా రాలేదు."

"ఇవాల్టికి ఎన్ని?"

"ముప్పై నాలుగు." ఆమె గబగబా అందుకుంది. "మాత్రల వల్ల కూడా ఆలస్యమవుతుందట. డాక్టరమ్మ ముందే చెప్పింది. మీరేమీ అనుకోకండి."

అనుకోకుండా ఉండటం ఆయన వల్ల అయ్యే పనా? అప్పటికే మొహం వెలిగిపోయింది.

"పరీక్ష చేసుకోవచ్చుగా?"

"ఇన్నేళ్లలో పదకొండుసార్లు చేసుకున్నాను. పదకొండుసార్లూ ఒక్కటే గీత. చూడనన్నాళ్లయినా ఉందేమో అనుకుంటాను. అది కూడా లాక్కోకండి."

మాస్టారు పుస్తకం మూసేశాడు. ఆమెని చెయ్యి పట్టుకుని మిషను మీంచి లేపాడు. ఆ కాళ్లతో ఇంక తొక్కడానికి వీల్లేదన్నాడు. ఈసారి ఒక్క ప్రాణికి కూడా చెప్పనని ఒట్టు పెట్టాడు. ఆ సాయంత్రమే కొత్త తెల్లగుడ్డ తెచ్చి, అసలు కొలతలతో కోసి, తానే మిషను ఎక్కాడు.

కత్తెర పడితే వెంట్రుకవాసి తేడా రానివ్వని మనిషి, మిషను ఎక్కితే మాత్రం చూడటానికి రెండు కళ్లూ చాలలేదు. కాలు ముందుకి తొక్కితే దారం వెనక్కి, చెయ్యి నిలబెడితే కుట్టు పక్కకి. నాలుగు రోజుల్లో నర్సమ్మ స్కర్టు, రెండు ప్యాంట్లు, ఒక గౌను తయారయ్యాయి. ఒక్క కుట్టూ తిన్నగా లేదు. కుట్టక్క గోడకి ఆనుకుని బొత్తాలు కుట్టుకుంటూ అన్నీ చూసింది. పొద్దున్నే ఆయన "ఎంత?" అని అడిగేవాడు. ఆమె "ముప్పై ఐదు" అనేది, "ముప్పై ఆరు" అనేది. ఒకరు అలా అడగడం ఇంత బాగుంటుందని ఆమెకి ఇన్నాళ్లూ తెలియదు. ఆ నాలుగు రోజులు ఆమె నిజంగా సుఖపడింది. ఆ సుఖానికి తనని తాను తర్వాత ఎంతకాలం తిట్టుకుందో చెప్పలేను.

ముప్పై ఎనిమిదో రోజు మధ్యాహ్నం కొట్టు వెనక పెరట్లోని స్నానాల గదిలోకి వెళ్లినప్పుడు కనపడింది. మరకే. పొరపాటు పడటానికి వీలు లేనంత ఎర్రగా ఉంది. ముందు ఏడుపు కాదు, కోపం వచ్చింది. ఎవరి మీద కోపగించుకోవాలో మాత్రం తెలియలేదు. గుడ్డ పెట్టుకుని, చేతులు తుడుచుకుని, ముందు గదిలోకి వచ్చేసరికి నర్సమ్మ స్కర్టు పట్టుకుని నిలబడి ఉంది. మాస్టారు నేల చూపులు చూస్తున్నాడు.

"అక్కా! ఇంత మంచి కబురు నాకు చెప్పనే లేదే! కుట్టు ఇలా వంకర్లు పోయిందేమిటని అడిగితే మాస్టారు ఇప్పుడు బయటపెట్టారు." నర్సమ్మ కుట్టక్క రెండు చేతులూ పట్టుకుంది. "మొదటి మూడు నెలలూ బరువులెత్తకు. మిషను జోలికి అసలు పోకు. సరేనా?"

"సరే" అంది కుట్టక్క. "ఆ స్కర్టు ఇక్కడ పెట్టి వెళ్లు, సరిచేసి ఇస్తాను."

"నువ్వు కదిలావంటే ఊరుకోను. నాకిదే బాగుంది." నర్సమ్మ ఆ వంకర స్కర్టుని చంకలో పెట్టుకుని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

"నేనుగా చెప్పలేదే" అన్నాడు మాస్టారు. "ఆవిడే గుచ్చి గుచ్చి అడిగింది."

"వచ్చేసిందండీ."

ఆయన తల ఎత్తాడు. "ఎప్పుడు?"

"ఇందాకే. ఆవిడ వచ్చే ముందు."

"మరి ఆవిడతో సరే అన్నావేం?"

"మీ మొహం చూసి అన్నాను."

ఆమె పుస్తకం తీసి నాలుగో చోట ముప్పై ఎనిమిది రాసింది. తర్వాత ఆయన కుట్టిన ప్యాంటు ఒడిలోకి లాక్కుని, బ్లేడుతో మొదటి కుట్టు తెంపింది.

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"సాయంత్రం వస్తారు. ఇలా ఎలా ఇస్తాం?"

"ఇంకొక్క నెల చూద్దామే."

"నాలుగు నెలలన్నారు. అయిపోయాయి."

"ఇంకో డాక్టరు దగ్గరికి..."

ఆమె తల ఎత్తలేదు. ఆయన ఎదురుగా కూర్చుని ప్యాంటు రెండో కొస పట్టుకున్నాడు. ఆమె తెంపుతుంటే ఆయన దారప్పోగులు లాగాడు. రేపటి నుంచి వీధిలో అందరూ ఎన్నో నెల అని అడుగుతారు, ఏం చెప్పను అన్నాడు. ఆ మాట అంటూనే బావురుమన్నాడు. ఆ వయసు మగవాడు అంత గట్టిగా ఏడవడం ఆమె ఎన్నడూ చూడలేదు. బ్లేడు పక్కన పెట్టి ఆయన తల ఒళ్లోకి తీసుకుంది.

మిగతా నెలల్లో అయితే ఆమె పెరటి గదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఒక్కతే ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి మిషను ఎక్కేది. ఈసారి ఏడవడానికి ఆమెకి వంతు రాలేదు.