అమ్మ రమ్మన్నాది

నా రెండు కళ్ళ మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. టాటానగర్ టెల్కో ఫ్యాక్టరీ షిఫ్టు బస్సులో నా కోతలు విన్నవాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోండి, ఈ ఒక్కసారికి మాత్రం నమ్మండి.

నిన్న గోవింద్‌పూర్‌లో మా చిన్నాన్న సంస్మరణ సభ జరిగింది. ఫొటోకి ఎర్రగుడ్డ కట్టి, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పెద్దలు పిడికిళ్ళెత్తి జోహార్లు చెబుతుంటే, పక్కన కూర్చున్న మా మేనకోడలు "మామా, ఏ కౌన్ థే?" అంది. ఈయనెవరంటే ఎవరని చెప్పను?

నిజానికి ఆయన మా నాన్నకి తమ్ముడు కాదు. శ్రీకాకుళం కొండల్లో భూమిలేనివాళ్ళ కోసం తుపాకీ పట్టి, తోటివాళ్ళంతా పోయాక, బొగ్గు వ్యాగన్లో దాక్కుని టాటానగర్‌లో దిగినవాడు. రైల్వేలో పనిచేసే మా నాన్న ఆయన్ని మా క్వార్టరుకి తీసుకొచ్చి, తమ్ముడని అందరికీ చెప్పాడు. మా అమ్మ పదకొండు బకెట్ల నీళ్ళు పోస్తేగానీ ఆ మసిలోంచి మనిషి బయటపడలేదు. సొంతూరు తెలిసిపోతుందని ఆయన తన యాస దాచుకుని, ఒకప్పుడు తాను రాసిన కరపత్రాల భాషే మాట్లాడేవాడు. మా కాలనీలో సగంమంది ఆ జిల్లావాళ్ళే కాబట్టి అందరూ "ఏటి" అంటుంటే ఆయనొక్కడే "ఏమిటి" అనేవాడు, దాక్కోవడానికి వేసిన వేషంతోనే అందరి కళ్ళలోనూ పడ్డాడు పాపం. "ఏటి మరిదీ, పుత్తకం మింగీసినావేటి?" అని మా అమ్మ ఏడిపించేది.

సాయంత్రాలు పట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌మన్లని కూర్చోబెట్టి అక్షరాలు నేర్పి, తమకొచ్చిన ఛార్జిషీటు తామే చదువుకునేలా చేశాడు. విప్లవంలో తనకి మిగిలింది అదేనని ఆయనే నవ్వేవాడు.

కేసులు కొట్టేశారని తెలిశాక కూడా ఊరికి వెళ్ళలేదు. ఆయన మాట నమ్మి కొండెక్కిన సొంత తమ్ముడు తిరిగి రాలేదు, ఇక తల్లికి ఏ మొహం చూపిస్తాడు? నాకు ఇరవయ్యేళ్ళప్పుడు, బంధువుల పెళ్ళికి అటువైపు వెళ్తుంటే, నన్ను పక్కకి పిలిచి, "మా అమ్మకి నేను బతికే ఉన్నానని చెప్పు, రమ్మంటుందో వద్దంటుందో చూసి రా, రమ్మంటే మర్నాడే బండెక్కుతాను" అన్నాడు.

వెళ్ళాను. తాటాకు ఇల్లు, గుమ్మంలో చింతపండు గింజలు తీస్తున్న ముసలమ్మ. సంగతి చెప్పగానే నా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. తిరిగొచ్చి రైలు దిగేసరికి చిన్నాన్న ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉన్నాడు. ఇరవయ్యేళ్ళు దాచిన యాస అప్పుడు జారింది.

"ఏటన్నాదిరా అమ్మ?"

"రమ్మన్నాది చిన్నాన్నా. ఒక్కడైనా మిగిలినాడు, బేగి రమ్మను అన్నాది."

బెంచీ మీద కూలబడి ఏడ్చాడు. ఇంటికొచ్చి సంచీ సర్దుకున్నాడు. కానీ ఆ ఏడాదీ వెళ్ళలేదు, ఆ తర్వాతా వెళ్ళలేదు. ఆదివారమైతే నన్ను పిలిచి, అమ్మ అన్న మాట మళ్ళీ చెప్పించుకునేవాడు. నేనూ ప్రతిసారీ కాస్త ఉప్పూకారం చేర్చేవాణ్ణి. ఆమె పోయిందని కబురొచ్చాక కూడా చెప్పించుకున్నాడు. కిందటి నెల, ఆస్పత్రి మంచం మీద కూడా.

ఇక ఒట్టు తీసి గట్టున పెడతాను. ఆ గుమ్మం, ఆ చింతపండు, ఆ మాట, అన్నీ నా కల్పన. పెళ్ళివారింట్లో పేకాటలో పడి, ఆ ఊరి బస్సు ఎక్కనే లేదు నేను. ఆయన సంచీ సర్దుకున్నదీ అబద్ధమే. ఆరోజు బెంచీ మీద కళ్ళు తుడుచుకుని, నా భుజం మీద చెయ్యేసి, "మాయమ్మ పుట్టుమూగదిరా" అన్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయి, ఈసారి తప్పకుండా వెళ్ళొస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. అమ్మ నిజంగానే వద్దంటే ఈ అబద్ధం కూడా తనకి మిగలదన్నాడు. మళ్ళీ తనే, "పోన్లే, ఇంకోపాలి సెప్పు" అన్నాడు.

ఇప్పుడు ఏ మూలనున్నవాళ్ళయినా ఫోన్లో ముఖాలు చూసుకుంటున్నారు. అప్పుడే ఇవి ఉండి, ఆ తల్లి రమ్మని చెయ్యి ఊపితే ఆయన కళ్ళారా చూసుకునేవాడు. ఆ రోజుల్లో ఆ చెయ్యి చూసి రావడానికి ఆయనకున్నది నేనొక్కణ్ణే. నేను వెళ్ళలేదు.