అవ్వ కాలికి గరుకు బండలు

నా చిన్నప్పుడు మా కొత్త ఇంటి పెద్ద గదిలో ఏ బండ ఎక్కడ పడాలో చెప్పినవి మా అవ్వ అరికాళ్లు. అవ్వ అంటే మా బాపు తల్లి. నేను పుట్టకముందే ఆమెకు చూపు మెల్లమెల్లగా పోయిందట. అయినా కమాన్‌పూర్ దగ్గరి పల్లెలో తన ఇంట్లో ఉన్నంతకాలం కట్టె పట్టుకోకుండానే తిరిగేది. ఆ ఇంటి నేలకు షాబాద్ బండలు ఉండేవి. ఎక్కడ సందు వెడల్పో, ఏ బండ కొంచెం పల్లమో ఆమె కాళ్లకు తెలుసు. పొయ్యి దగ్గరికీ, నీళ్ల గోలెం దగ్గరికీ ఎవరినీ పిలవకుండా పోయేది.

ఆ పల్లె ఓపెన్‌కాస్ట్ గనికి పోయింది. బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు కాబట్టి గోదావరిఖనిలో మాకు క్వార్టర్ ఉండేది. అవ్వను అక్కడికి తెచ్చుకున్నాం. క్వార్టర్ నేలంతా నున్నటి గచ్చు. ఆ నేల మీద ఆమె కాలికి ఏ గుర్తూ దొరకలేదు. వచ్చిన కొత్తలోనే జారి పడింది. ఎముక విరగలేదు గానీ ధైర్యం పోయింది. ఆ తర్వాత మంచం దిగాలంటే ఎవరో ఒకరి చేయి కావాల్సిందే. ఆ చేయి ఎక్కువగా నాదే. బడిలో కూర్చున్నా నాకు పాఠం ఎక్కేది కాదు. అమ్మ బయట బట్టలు ఉతుకుతుంటుంది, అవ్వ లేస్తుంది, పడుతుంది, ఎవరూ చూడరు అని అదే ఊహ. బడి విడవగానే పరుగెత్తుకొచ్చి ఆమెను మంచం మీద చూసుకుంటేగానీ ఊపిరి ఆడేది కాదు. మరీ భయపెట్టిన సంగతి ఇంకొకటి. దాహం వేసినా లేవాల్సి వస్తుందని అవ్వ నీళ్లు తాగడం తగ్గించింది. మనిషి మెల్లగా చిక్కిపోతున్నది.

అప్పుడే బాపు ఊరి చివర జాగా కొని ఇల్లు మొదలుపెట్టాడు. పల్లెలో ఇల్లు విప్పినప్పుడు తలుపులు, దూలాలతో పాటు ఆ బండలు కూడా ట్రాక్టర్‌లో తెచ్చుకున్నాం. ఊడదీస్తుంటే కొన్ని పగిలాయి. పునాదికి మేస్త్రి సున్నంతో గీతలు పోసిన పొద్దున అవ్వ కూడా వస్తానంది. వచ్చి, గోడలు లేవకముందే గది గీతల నడుమ బండలు పరవమంది.

“ఒట్టి మట్టి మీద బండలేందవ్వా? ఎండ ముదురుతాంది, పని జల్ది కావాలె” అన్నాడు మేస్త్రి.

“నడిసేది నేను గదా కొడుకా. ఒకపారి నడిసి సూడనీ” అంది అవ్వ.

విసుక్కుంటూనే పరిచారు. నిండు బండలన్నీ పరిచాక ఒక పక్క గోడ గీత పొడుగునా సన్నటి జాగా మిగిలింది. గదినే ఆ మేరకు తగ్గిద్దామని బాపు అంటే అమ్మ ముఖం పాలిపోయింది. ఆ కొలత ముహూర్తం పెట్టిన అయ్యగారు ఆయం చూసి ఇచ్చింది, ఇంటికి కలిసివచ్చే లెక్క. “ఆయం తప్పితే బాయిల దిగే మనిషికి మంచిదా?” అంది అమ్మ. భూమి లోపలికి దిగి పనిచేసే మనిషి ఇంట్లో ఆ మాటకు ఎదురుండదు. పగిలిన బండలను కోసి ఆ జాగాలో వేస్తే మంచం కిందికి పోతాయి, ఎవరికీ కనబడవు అని బాపు తేల్చాడు.

అవ్వ ఒప్పుకోలేదు. ఆ ముక్కల వరుసను గోడ పక్క నుంచి జరిపి, మంచం నుంచి వాకిలి దాకా నడి గదిలో వేయమంది. అదీ అడుగు వైపు పైకి తిప్పి, గరుకుగా.

“నడి గదిల అతుకులా? పని రానోడు కట్టిండంటరు” అన్నాడు మేస్త్రి.

“అనేటోళ్లకు కండ్లున్నయ్ బిడ్డా. నాకు కాళ్లే ఉన్నయ్.”

ఇల్లు లేచినన్నాళ్లూ నాకు కొత్త భయం పట్టుకుంది. గోడలకు సిమెంటు గిలాబు మందంగా పడితే గది ఇరుకై నిండు బండలు పోగా మిగిలే ఆ ముక్కల పట్టీ సన్నబడుతుందని మేస్త్రి అన్న మాట నా చెవిన పడింది. అవ్వ పాదం వెడల్పును దారంతో కొలిచి, రోజూ బడి నుంచి అటే పోయి పట్టీ పడే చోట ఆ దారం పెట్టి చూసేదాన్ని. మేస్త్రి నన్ను ‘చిన్న ఇంజనీరమ్మ’ అని ఆటపట్టించేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు. చివరికి పట్టీ కొంచెం సన్నబడింది గానీ దారం దాని మీద సరిపోయింది.

కొత్త ఇంట్లో చేరిన రోజు అవ్వ మంచం మీద నుంచి కాళ్లు కిందికి జార్చింది. నేను ఉరికి చేయి పట్టుకున్నాను. ఆమె నా వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసింది.

“ఇడువు బిడ్డా. నీ చెయ్యి వట్టుకుంటే నా కాలుకేం సమజ్ కాదు.”

వదిలాను. వదిలిన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గౌను అంచు గట్టిగా పట్టుకున్నాను. అవ్వ కాలితో గరుకు తడిమి, నిలబడి, మెల్లగా వాకిలి దాకా పోయింది. నడుమ ఒకసారి తూలింది. నేను ముందుకు అడుగు వేయబోతే, తలుపు దగ్గర నిలబడ్డ బాపు వద్దని తల ఊపాడు. ఆయన కళ్లలోనూ నా భయమే ఉంది. ఆమె ద్వారబంధం పట్టుకుని నిలబడి, తానే గోలెం వెతుక్కుని చెంబుడు నీళ్లు తాగింది. ఇంకో చెంబు ముంచుకుంది.

నాకిప్పుడు మనవలు. వాళ్లు బండి నేర్చుకుంటున్నా, పరీక్షకు దూరపు ఊరికి ఒంటరిగా పోతున్నా నా గుండె అలాగే కొట్టుకుంటుంది. ఆ భయం వయసుతో పాటు పోతుందనుకున్నాను, పోలేదు. చేయి అందించే ముందు మాత్రం వాళ్ల కాలి కింద ఏముందో చూస్తాను. అక్కడ పట్టు ఉంటే, ఎంత కష్టమైనా సరే, నా చేయి నా దగ్గరే ఉంచుకుంటాను.