మాట అందించేవాడు

వీధిలో అందరూ ఆయన్ని గుసగుస తాత అంటారు. చాటుగా కాదు, ముఖం మీదే అంటారు, ఆయనా పలుకుతాడు. బతుకులో సగానికి పైగా ఒక నాటక కంపెనీలో ప్రాంప్టరుగా పనిచేశాడు. తెర పక్కన చీకట్లో ముక్కాలిపీట మీద కూర్చుని, స్టేజీ మీద మాట మర్చిపోయినవాడికి ఆ మాట అందించడం ఆయన ఉద్యోగం. నటుడికి వినబడాలి, మొదటి వరుసలో కూర్చున్నవాడికి వినబడకూడదు. అంత సన్నగా గొంతు నడపడం అందరికీ చేతకాదు. అయితే మాత్రం ఏం లాభం? పని బాగా చేస్తే అలాంటి మనిషొకడు ఉన్నాడనే ఎవరికీ తెలియదు, చెడగొడితే మాత్రం ఊరందరికీ తెలుస్తుంది. అంతకంటే పాడు ఉద్యోగం ఇంకోటి ఉంటుందా?

ఒకసారి ఆట మధ్యలో ఆయనకు దగ్గు తెర వచ్చింది. రాజు వేషం వేసిన పెద్ద నటుడు నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు. హాలంతా నిశ్శబ్దం. తర్వాత ఈలలు, ఆ తర్వాత చెప్పులు. ఆ పూట కంపెనీ యజమాని అందరి ముందూ ఈయన్ని నిలబెట్టి, "నీకు తిండి పెట్టేది వాళ్లు మర్చిపోయే మాటలేరా, గుర్తుపెట్టుకో" అన్నాడు. ఆ రాజుగారు మాత్రం కాలక్రమేణా పతకాలు, శాలువాలు మోయలేనన్ని సంపాదించాడు. ఒక సన్మానంలో టీ తెచ్చే కుర్రాడిక్కూడా పేరు పెట్టి కృతజ్ఞతలు చెప్పాడు. గుసగుస ఊసే ఎత్తలేదు. ఆయన ఆ మాటలు కూడా తెర పక్కనే కూర్చుని విన్నాడు.

కంపెనీ మూతపడింది. నాటకాల హాలు సోఫాల గోడౌను అయింది. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎంత మొండిదో, పనితో వచ్చిన బుద్ధీ అంత మొండిదే. ఎదుటి మనిషి మాట మధ్యలో ఒక్క క్షణం ఆగాడంటే చాలు, తాత ఆ మాట అందించేస్తాడు. కూరగాయలమ్మి "ఇవాళ ధర..." అనేలోపు "పెరిగింది" అంటాడు. డాక్టరు "మీకు కొంచెం..." అంటే "బీపీ" అంటాడు. కొడుకు చిన్నప్పుడు ఒక్క వాక్యం కూడా సొంతంగా ముగించిన పాపాన పోలేదు. పెద్దయ్యాక ఆ కొడుకు లారీ డ్రైవరయ్యాడు. నెలలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే ఉంటాడు. "లారీలో పక్కన కూర్చుని మాట అందించేవాళ్లు ఉండరుగా మామయ్యా, అందుకే ఆ పని చూసుకున్నారేమో" అని కోడలు ఒకసారి నవ్వుతూనే అంది. తాత కూడా నవ్వాడు. ఆ మాట మాత్రం ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

ఇక మనవరాలు. మూడో తరగతి. ఇంట్లో గువ్వ అంటారు. ఆ పిల్లకి మాటలు రాక కాదు, తొందర లేదు. ఏదైనా అడిగితే ఆ ప్రశ్నని లోపలికి తీసుకెళ్లి, నాలుగు గదులూ తిప్పి, కూర్చోబెట్టి, అప్పుడు జవాబు పట్టుకుని బయటికొస్తుంది. వచ్చిన జవాబు నిక్కచ్చిగా ఉంటుంది. కాకపోతే అంతసేపు ఆగే ఓపిక ఎవరికుంది? బడిలో పక్కపిల్లలు చెప్పేస్తారు, ఇంట్లో తాత చెప్పేస్తాడు.

బడికి రంగులు వేయిస్తున్నారని ఆ రోజు పిల్లలందరికీ ఇంటిచదువు పెట్టారు. పొద్దున ఇంట్లో చేయాల్సిన పనులు కొన్ని, మధ్యాహ్నం ఫోన్లో వీడియో పెట్టుకుని టీచరమ్మ ముందు ఒక పని: ఇంట్లో ఇష్టమైన వస్తువొకటి పట్టుకుని దాని గురించి సొంత మాటల్లో చెప్పాలి. మిగతా పిల్లలకి అది ఆటే. గువ్వకి కాదు. టీచరమ్మ కోడలికి ముందే ఫోన్ చేసి చెప్పింది. "పాప క్లాసులో నోరే విప్పట్లేదమ్మా. చివరి గదికి మార్చెయ్యమంటున్నారు హెడ్మాస్టరుగారు. ఇంట్లో అయినా సొంతంగా నాలుగు మాటలు చెబితే, అది చూపించి నేను ఆపగలను." చివరి గది అంటే వెనకబడ్డారనుకున్న పిల్లలందర్నీ తరగతితో పని లేకుండా కలిపి కూర్చోబెట్టే గది. అందులోకి వెళ్లిన పిల్ల తిరిగి తన క్లాసుకు వచ్చినట్టు ఎవరూ వినలేదు.

కోడలు బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుడుతుంది. సెలవడిగింది, సూపర్‌వైజరు ఇవ్వలేదు. పొద్దున్నే తన ఫోన్‌ని షెల్ఫు మీద డబ్బాకి ఆనించి పెట్టి, ఎక్కడ నొక్కాలో గువ్వకి చూపించి, గుమ్మం దగ్గర ఆగింది.

"మామయ్యా, మీకు దణ్ణం పెడతాను. ఇవాళ ఒక్కరోజు నోరు కట్టేసుకోండి. దాన్ని చెప్పనివ్వండి."

"నాకు ఆమాత్రం తెలీదా? చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెబుతున్నావు" అని తాత ముఖం ముడుచుకున్నాడు.

పొద్దుటి పనుల్లోనే ఆయన సంగతి తేలిపోయింది. చెంబుతో బకెట్టు ఎన్నిసార్లకు నిండుతుందో ముందు ఊహించి చెప్పి, తర్వాత కొలవాలట. గువ్వ బకెట్టు చుట్టూ తిరిగి, లోపలికి తొంగి చూసి, చెంబు ఎత్తి బరువు చూసుకుంటోంది. తాత "పన్నెండు" అనేశాడు. సీసా మూతల్ని చిన్నవి, పెద్దవి వరసగా పేర్చమంటే, పిల్ల చెయ్యి చాపేలోపు ఈయన చెయ్యి వెళ్లింది.  గువ్వ మూతలన్నీ కలిపేసి మళ్లీ మొదట్నించి పేర్చుకుంది.

మధ్యాహ్నం ఫోన్ ముందు కూర్చుంటూ, చాలాసేపు ఆలోచించి అడిగింది. "తాతా, నువ్వు బయట కూర్చుంటావా?"

తాతకు మనసు చివుక్కుమంది. "బయటెందుకే? నేను పక్కనుంటే నీకే ధైర్యం. నేను కనబడను, గోడవారగా కూర్చుంటాలే" అని పీట లాక్కుని ఫోన్‌కి అందని మూల చూసుకుని కూర్చున్నాడు. మూల చూసుకోవడం ఆయనకు కొత్తేం కాదు.

ముందు ఒక పిల్లాడు ఇస్త్రీపెట్టె గురించి గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. వాడి వెనకాల వాళ్లమ్మ పెదవులు కదలడం అందరికీ కనబడుతూనే ఉంది. 'ఇదా మాట అందించే తీరు! కంపెనీలో అయితే మొదటి రోజే పంపించేసేవాళ్లు' అనుకున్నాడు తాత. తర్వాత ఇంకో పిల్ల తన బొమ్మ గురించి చెప్పి, బొమ్మ చేత కూడా చెప్పించింది. ఆపైన టీచరమ్మ గువ్వ పేరు పిలిచింది.

గువ్వ గౌను మడతల్లోంచి ఒక టార్చిలైటు తీసి పట్టుకుంది. తాత ఉలిక్కిపడ్డాడు. అది తనదే. వెలుతురు స్టేజీ మీదికి పోకుండా అద్దానికి నల్లగుడ్డ కట్టి, పుస్తకం మీద మాత్రం పడేలా తాను వాడుకున్న టార్చి. ఈ పిల్ల ఎక్కడ సంపాదించిందో!

"నీకు ఎంతసేపైనా పర్లేదమ్మా. తొందరేం లేదు" అంది టీచరమ్మ.

గువ్వ టార్చి వంక చూసింది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. తాత నాలుకను పళ్ల మధ్య పెట్టుకుని పట్టుకున్నాడు.  ఆ నిశ్శబ్దం ఆయనకు తెలుసు. దాని తర్వాత ఏం పడతాయో కూడా తెలుసు. ఇంకాసేపు ఓర్చుకున్నాడు, పాపం, అబద్ధం చెప్పకూడదు. అంతలో గువ్వ పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి. మాట పోయినవాడి పెదవులు ఎలా కదులుతాయో, మాట వస్తున్నవాడి పెదవులూ అలాగే కదులుతాయి. ఆ తేడా ఆయన ఏనాడూ నేర్చుకోలేదు. నేర్చుకునేంతవరకు ఆగితే కదా!

"ఇది టార్చిలైటు" అని అందించాడు.

గువ్వ పెదవులు ఆగిపోయాయి. కొంచెం సేపటికి, "ఇది టార్చిలైటు" అంది.

"ఇది అంధకారమును పారద్రోలును."

"ఇది అంధకారమును పారద్రోలును."

"అంధకారం అంటే ఏంటమ్మా?" అని అడిగింది టీచరమ్మ.

"చీకటి" అంది గోడవార గొంతు.

"చీకటి" అంది గువ్వ.

టీచరమ్మ నిట్టూర్చింది. "పక్కన ఎవరున్నారు నాన్నా?"

"తాత" అంది గువ్వ. టీచరమ్మ ముందు ఆ పిల్ల ఎవరూ అందించకుండా చెప్పిన మాట అదొక్కటే.

తాతకు తల కొట్టేసినట్టయింది. అన్నేళ్ల ఉద్యోగంలో ఒక్కనాడూ ఎవరికీ దొరకలేదు. "తాతగారూ, కాసేపు బయటికెళ్తారా, ప్లీజ్?" అంది టీచరమ్మ. కోపంగా కాదు, అలవాటైన విసుగుతో అంది. ఆయన పీట కూడా తీసుకోకుండా లేచి వెళ్లి, తలుపవతల నిలబడి చెవి ఒగ్గాడు. "అది ఎవరిదమ్మా? నీకెందుకు ఇష్టం?" అన్న గొంతు వినబడింది. దాని తర్వాత ఏమీ వినబడలేదు. టీచరమ్మ మళ్లీ అడిగింది. గువ్వ తలుపు వైపు చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఇంకో పిల్లాడి పేరు పిలిచారు.

తాత లోపలికొచ్చాడు. "చూశావా, నేను లేకపోయేసరికి ఒక్క ముక్క రాలేదు" అన్నాడు. అన్నాక తెలిసింది, ఆ గొంతులో కాస్త తృప్తి కూడా ఉందని. సిగ్గేసింది. గువ్వ టార్చిని తీసుకెళ్లి బట్టల పెట్టెలో అడుగున పెట్టేసి వచ్చింది.

కోడలు వచ్చేసరికి టీచరమ్మ కబురు ఇంట్లో ఉన్న ఆమె ఫోన్‌కి చేరిపోయింది. వచ్చే వారం నుంచి చివరి గది. చేతిసంచి కింద పెట్టకుండానే అది చదివి కుర్చీలో కూలబడింది. తాతే అందుకున్నాడు. "ఆ టీచరుకి ఓపిక లేదమ్మా. పిల్ల బెదిరిపోయింది. మాట మర్చిపోతే చూస్తూ ఊరుకుంటామా ఎక్కడైనా? ఏదో రెండు ముక్కలు..."

"అది మర్చిపోలేదు మామయ్యా."

అరిచినా బాగుండేది. ఆమె గొంతు అలసిపోయి ఉంది. "టార్చి అదే వెతికి పట్టుకుంది. ఇదెందుకే అంటే మూడు రోజులు ఆలోచించి చెప్పింది. ఒక్క మాట కూడా నేను కలపలేదు. 'ఇది మా తాతది. మా తాత చీకట్లో కూర్చుని అందరికీ మాటలిచ్చేవాడు. చప్పట్లు వేరేవాళ్లకి కొట్టేవాళ్లు. అవి మా తాతవి.' ఇదే మామయ్యా అది చెప్పాలనుకుంది. మీకు చెప్పొద్దంది. ఫోన్లోంచి అందరూ వింటుంటే మీరూ వినాలట."

 ఎవరి నోటైనా ఒక్కసారి వినబడితే చాలని తాత చీకట్లో కూర్చుని ఎదురుచూసిన మాట అది. అది బయటికొస్తుంటే తానే అడ్డంపడి, అంధకారమును పారద్రోలును అని కుక్కాడు. తల బాదుకోవడానికి రెండు చేతులూ చాలవనిపించింది.

లోపల గదిలో గువ్వ సీసా మూతలు పేర్చుకుంటోంది. తాత వెళ్లి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"గువ్వా, ఆ టార్చి గురించి ఏం చెబుదామనుకున్నావే? నాకు చెప్పు. నేనేమీ అనను. నువ్వు ఎంతసేపు తీసుకున్నా సరే."

గువ్వ ఆయన వంక చూసింది. తాత నోరు మూసుకుని కూర్చున్నాడు. నిజంగానే మూసుకున్నాడు. గుమ్మంలో కోడలు నిలబడి ఉంది. పిల్ల పెదవులు కదిలాయి, ఆగాయి. మూతలన్నీ వరసగా అయిపోయాయి. ఆయన ఇంకా ఆగాడు.

చాలాసేపటికి ఆ పిల్ల, అడిగినదానికి జవాబు చెప్పాలి కాబట్టి, ఆయన నోటి వైపే చూస్తూ నెమ్మదిగా అంది.

"నువ్వు చెప్పు తాతా. నేను అంటాను."