మూడు సీసాల సముద్రం

మా జువాలజీ మేడం పోయారన్న కబురు నాకు దెగ్లూర్ బస్సులో అందింది. ఎనభై దాటిన మనిషి. పొద్దున చాయ్ తాగి, పేపరు చదువుతూ చదువుతూ వెళ్లిపోయారట. నాందేడ్‌లో పెట్టిన సంతాప సభలో ఒక పెద్దమనిషి, "సముద్రం లేని ఊళ్లో బతుకంతా సముద్రం చెప్పిన అమాయకురాలు" అన్నాడు. శుద్ధ తప్పు. అక్కడే లేచి చెప్పాను, ఇక్కడా రాస్తున్నాను.

నేను కిన్వట్ దగ్గరి కూలివాళ్ల పిల్లను. కాలేజీలో చేరిన మొదటి నెలలోనే చదువు మానేద్దామని హాస్టల్లో బట్టలు మూట కట్టాను. నా ప్రతి మాటకూ నవ్వే దుకాణదారుల పిల్లల మధ్య ఎన్నాళ్లుంటాను? సరిగ్గా ఆ రోజే మేడం బల్ల మీద మూడు గాజుసీసాలు పెట్టారు. కొంకణ్ తీరం నుంచి తెచ్చిన సముద్రపు అడుగు: ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో బురద, ఒకదాంట్లో రాళ్లు. ఏ జీవి ఎక్కడ బతుకుతుందో చెప్పమన్నారు. అందరూ పుస్తకాలు తిరగేస్తుంటే నన్ను పిలిచారు.

"నేను సముద్రం సూడలే మేడం."

"శేను సూసినవు గదా. ముట్టి సూడు."

బురదను వేళ్ల మధ్య నలిపాను. "ఇది రేగడి లెక్క పట్టుకుంటది మేడం. బొక్క జేస్తె కూలది. గానీ లోపల గాలాడది, కంపు కొడతది. ఇసుకల బొక్క నిలువది, నీళ్లు మాత్రం మంచిగ పారుతయి. రాళ్లల్ల దిగుడే లేదు, అతుక్కొనుడే."

మేడం బల్ల చరిచారు. "ఇగో, పాఠం అయిపోయింది! బురదల పురుగులు, ఇసుకల ఆల్చిప్పలు, రాతికి గుల్లలు. పుస్తకం ముయ్యుండ్రి."

ఆ సాయంత్రం మూట విప్పేశాను.

చాలా ఏళ్ల తర్వాత, సమాజం మా కూలివాళ్లను అడుగు బురదలోకి తొక్కిందని ఒక వ్యాసంలో మండిపడ్డాను. పొద్దున్నే ఫోను.

"ఏందే, బురద నీకేం జేసింది?"

"మాటవరసకు రాసిన మేడం!"

"గీ మాటవరసలే వద్దు. పిల్లజీవులు నీళ్లల్ల తేలుకుంట అస్తయి. నేల సూసుకొని, బతుకచ్చు అనుకుంటె దిగుతయి. తొక్కినోళ్లను తిట్టు, నేను గూడ తిడుత. బురదను ఇడిసిపెట్టు!"

గంటసేపు వాదించి ఓడిపోయాను. నేను సంతోషంగా చెప్పుకునే ఓటమి అదొక్కటే.

అస్థికలు కలిపే రోజు గోదావరిలో మోకాలి లోతున నిలబడ్డాం, ఆమె దగ్గర చదివిన ఏడెనిమిది మందిమి. పూజలంటే నాకు పడదు, ఆమెకూ పడదు. మేడం చెల్లెలు రమ్మంటే వెళ్లాను. మంత్రం మధ్యలో అయ్యవారు ఆగారు. మేమంతా తలలు వంచి, కాలివేళ్లతో అడుగు తడుముతున్నాం.

"ఏమన్న పడిపోయిందా అమ్మా?"

"లేదయ్యవారూ, ఈడిదాక ఇసుకున్నది. అటు రెండడుగులేస్తె బురద" అంది నా పక్కనున్నావిడ. ఒకప్పుడు నన్ను చూసి అందరికంటే గట్టిగా నవ్విన కిరాణా కొట్టువాళ్లమ్మాయే. కిసుక్కున నవ్వి, నా చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దించింది.

ఇసుక ఆగి బురద మొదలయ్యేచోట, సగం కూరుకుపోయి, నోరు కొద్దిగా తెరుచుకుని, ఒక ఆల్చిప్ప.