పొట్ట ఉండాల్సిన చోట తల

ఒక మనిషిని మూడు రోజులపాటు సొంత మనవరాలిని ఎత్తుకోకుండా చేసిన ఘనుడు మీ ముందున్నాడు. ఆ మనిషి సూరత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపే మా నర్సయ్య మామ. ఆ ఘనుణ్ణి నేనే. నవ్వండి, కాదనను. కాకపోతే చివరికి కాస్త దాచుకోండి.

అప్పుడు ఆ ఊళ్లోనే పర్వత్ పాటియా దగ్గర ఒక సీటీ స్కాన్ సెంటర్లో టెక్నీషియన్‌గా కొత్తగా చేరాను. మధ్యాహ్నాలు ఆ చల్లటి గదిలో యంత్రం గుంయ్‌మని తిరుగుతుంటే లోకమంతా మబ్బుల మీద తేలుతున్నట్టుండేది. తెల్లకోటు వేసుకున్నాను కాబట్టి నేను సగం డాక్టర్నేనని కూడా తోచేది. మామకు కడుపునొప్పి వస్తే ఆ మబ్బుల్లోంచే స్కాన్ తీశాను. కిడ్నీలో చిన్న రాయి, మందులతో పోతుందన్నారు. అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను?

ఎంత రేడియేషన్ తగిలిందో అంచనా కట్టే సాఫ్ట్‌వేర్ కొత్తగా వచ్చింది. మామ వివరాలు నింపి నొక్కాను. ఏ స్కాన్‌కు మామూలుగా ఎంతో చెప్పే గోడమీది పట్టికలో కడుపు స్కాన్‌కు రాసిన అంకెకు రెండింతలు వచ్చింది! నా కళ్లముందు మామ జరీ అంచులా ధగధగా మెరిసిపోయాడు.

"మామా, నీకు డబల్ తగిలింది," అన్నాను గొంతు తగ్గించి.

"ఏంది డబల్?"

"రేడియేషన్."

"గిప్పుడేమైతదిరా?"

తెలియదనాలి. తెల్లకోటు అననివ్వలేదు. "కొన్నొద్దులు జర పిల్లలకు దూరముండు."

మామ మనవరాలు పింకీకి రెండేళ్లు. తాత పని నుంచి రాగానే భుజమెక్కి నిద్రపోవడం దాని హక్కు. ఇప్పుడేమో తాత గుమ్మం బయట స్టూలు వేసుకుని, "రాకు బిడ్డా" అంటున్నాడు. అత్త ఆయన కంచాన్ని విడిగా తోముతోంది. పక్కింటాయన ఫోన్‌లో సిగ్నల్ పోయినా మామ వైపే అనుమానంగా చూస్తున్నాడు. మూడో సాయంత్రం పింకీ ఏడ్చి ఏడ్చి గడప మీదే నిద్రపోయింది. మామ దూరం నుంచే అట్టముక్కతో దానికి విసురుతున్నాడు. ఆ ఒక్కచోట నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

మర్నాడే మామను మా సీనియర్ భారతీబెన్ దగ్గరికి తీసుకెళ్లాను. సంగతంతా విని ఆమె హిందీలో మామతో అంది:

"కాకా, స్కాన్ ఆగగానే ఎక్స్‌రేలూ ఆగిపోతాయి. లైటు ఆర్పాక వెలుగు ఒంట్లో మిగులుతుందా? వెళ్లి పాపను ఎత్తుకోండి."

"మరి డబల్?" అన్నాను.

"అరె భాయ్, ఈ లెక్క కాకాను కొలిచి కట్టింది కాదు. ప్లాస్టిక్ దిమ్మను మనిషనుకుని కట్టింది. తలకు చిన్న దిమ్మ, కడుపుకు పెద్దది. నువ్వేది ఎంచుకున్నావు?"

చూశాను. తల.

ఆమె పెద్ద దిమ్మకు మార్చగానే అంకె సగానికి దిగింది. అయినా పట్టికతో అచ్చంగా కలవలేదు.

"కలవదు. పట్టికలోది చాలామంది స్కాన్లు చూసి పెట్టుకున్న గుర్తు. ఏ ఒక్కరి కొలతా కాదు," అంది.

నాకంటే ముందు మామకు అర్థమైంది. "సాంచ మీద గుంజి పట్టి కొలిచిన బట్ట కిందికి దించి కొలిస్తే తక్కువొస్తది. బట్ట గదే, కొలిచిన తీరు వేరు. గంతేనా?" అని నా వైపు తిరిగాడు. "పొట్ట ఉండాల్సిన కాడ తల పెట్టినవ్ సరే. నీ తల ఉండాల్సిన కాడ ఏం పెట్టినవ్‌రా అల్లుడా?"

ఆ సాయంత్రం తాత భుజం మీద నిద్రపోతున్న పింకీ సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకపై ఏ అంకె కనిపించినా, అది ఏ దిమ్మదో చూడకుండా నోరు విప్పను. అంతకంటే ముందు, ఆ దిమ్మ నా భుజాల మీదే ఉందేమో తడిమి చూసుకుంటాను.