మామిడిపల్లిలో మా దోమల ఫ్లెక్సీ

కమ్యూనిటీ హెల్త్‌లో పీజీ చేసి, ఈ రోజు ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక హోటల్లో రిసెప్షనిస్టు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాను. మీ చదువుకి తగ్గ పనే వెతుక్కోవచ్చు కదా అన్నారు. రెండేళ్లుగా నేను చేస్తున్నది ఆ వెతుకులాటే.

తిరిగొస్తూ మామిడిపల్లిలో బస్సు దిగాను. పీజీ చివరి ఏడాది మా బ్యాచ్ ప్రాజెక్టు అక్కడే చేశాం. "నీళ్లు నిలవ ఉంచకండి, దోమలను పెంచకండి" అని పెద్ద ఫ్లెక్సీ కొట్టించి ఊరి మొదట్లో కట్టాం. ఇప్పుడది అక్కడ లేదు. పక్కనే కడుతున్న ఇంటి ముందు గుంత తవ్వి, అందులో పరిచారు. గుంత నిండా నీళ్లు. మా అక్షరాల మీద దోమ లార్వాలు లుకలుకలాడుతున్నాయి.

ఆ ఇంటికి కాపలా ఉండే యాదమ్మ, జ్వరంతో మూలుగుతున్న కూతుర్ని ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చుంది. ముందు ఆ నీళ్లు పారబొయ్యమన్నాను.

"పారబోస్తే బోళ్లు దేంతోని తోమాలె అక్కా? ట్యాంకర్ మల్ల వారం దాక రాదు. గీ ఫ్లెక్సీ మస్తు గట్టిగుంది, చుక్క గూడ కారుతలేదు. గిసొంటిది ఇంకోటి ఉంటే ఇయ్యరాదు?"

పాపను దవాఖానకు తీసుకెళ్లమని చెప్పి వచ్చేశాను.

మా బ్యాచ్‌లో ఎవరికైనా ఈ రంగంలో ఉద్యోగం దొరికితే కింద కామెంట్లో చెప్పండి. నాకు తెలిసి ఇప్పటిదాకా ఆ ఫ్లెక్సీ ఒక్కదానికే దొరికింది. అదీ దోమల దగ్గర.