పెళ్లి సంచికలో తెల్ల గౌను

మా అమ్మాయి ఆ పత్రికను భోజనాల బల్ల మీద ధబీమని పడేసింది. విదేశీ ఫ్యాషన్ పత్రికకు మన దేశంలో వచ్చే ఎడిషన్. అట్ట మీద ప్రపంచమంతా తెలిసిన ఆ పెద్ద పేరు, పక్కన చిన్న అక్షరాల్లో ‘ఇండియా’. పెళ్లిళ్ల ప్రత్యేక సంచికట. బరువులో మా చర్చి పాటల పుస్తకం దాని ముందు దిగదుడుపే. సగం దాకా తిప్పినా ప్రకటనలే. ఒక పేజీకి పూసిన సెంటు అయితే పొయ్యి మీది చేపల పులుసు వాసనను కూడా మింగేసింది. “ఇన్ని నగలు, ఇంత నీరసమా! ఒక్క పిల్లయినా కడుపునిండా అన్నం తిన్నట్టు లేదు” అన్నాను.

తను వినిపించుకోకుండా మూల మడిచి ఉంచుకున్న పేజీ తెరిచింది. అందులో ఓ పెళ్లికూతురు తెల్ల గౌనులో నిలబడి ఉంది. వాళ్లమ్మ పెళ్లిచీరను కోసి కుట్టించిన గౌనని కింద రాశారు.

“మమ్మీ, ఆప్‌కీ వాలీ దే దో నా. పేటీ మే పడీ హీ తో హై.”

నేను తెలుగులో మాట్లాడితే హిందీలో బదులివ్వడం దానికి చిన్నప్పటి నుంచీ అలవాటు. ట్రంకులో ఊరికే పడి ఉన్న నా తెల్లచీరను తన పెళ్లికి ఇమ్మంటోంది.

“ఏటీ? కోసేత్తావా దాన్ని? సేతులిరగ్గొడతాను!” అని గయ్యిమన్నాను.

ఆ చీర సంగతి దానికి తెలియదు. మేం కోస్తా నుంచి ఈ హిందీ మాట్లాడే ఊరికొచ్చిన క్రైస్తవులం. మా ఇంటి ఆడవాళ్లు పెళ్లినాడు తెల్లచీర కట్టి, ముసుగు వేసుకుని, ఆ తర్వాత చీరను మడిచి దాచేస్తారు. మళ్లీ అది ఒంటి మీదికొచ్చేది శవపేటికలోనే. మా అమ్మ ట్రంకు సర్దినప్పుడల్లా “నన్ను పంపేటప్పుడు ఇదే కట్టండే, మరిసిపోకండి” అనేది, పొయ్యి కట్టెయ్యమన్నంత తేలిగ్గా. మేం మరిచిపోలేదు.

“నేను పోయిన రోజున కట్టాల్సిన సీరే అది” అని చెప్పాను. దాని మొహం తెల్లబోయింది. “ఛీ మమ్మీ, ఐసే మత్ బోలో” అంటూ, అలా అనొద్దని ఏడ్చేసింది. మర్నాడు బిష్టుపూర్ బజారుకు వెళ్లి ఓ అద్దె గౌను మాట్లాడుకుని వచ్చింది. మళ్లీ చీర ఊసెత్తలేదు. దెబ్బలాడి ఉంటే బాగుండేది. నాలాంటి నోటిదానికి ఎదుటివాళ్లు మౌనంగా ఉంటేనే కష్టం.

పత్రిక మాత్రం బల్ల మీదే ఉండిపోయింది. ఓ సాయంత్రం నేను పనిచేసే స్కూలు నుంచి వచ్చి, కుక్కరు కూత కోసం ఎదురుచూస్తూ ఆ పేజీ మళ్లీ తీశాను. ఈసారి గౌనును కాదు, పక్కనున్నావిడను చూశాను. పెళ్లికూతురి తల్లి. కాస్త ఎడంగా నిలబడి, తన చీరను తనే తనివితీరా చూసుకుంటోంది. ముందు నాకు ఒళ్లు మండింది. తర్వాత ఏడుపొచ్చింది. నా చీరను నేనెప్పుడు చూసుకున్నాను గనక? పెళ్లినాడు తలెత్తితే చాలు, అమ్మ గిల్లేది. మళ్లీ కట్టేనాటికి నా కళ్లు మూసి ఉంటాయి.

అమ్మకు ఆఖరిసారి చీర కట్టిన రోజు గుర్తొచ్చింది. ఏళ్ల తరబడి మడతల్లోనే ఉన్న పట్టు, విప్పగానే మడత మడతకూ చీలిపోయింది. చీలికలు ఎవరికీ కనబడకుండా నేనే తెల్ల చామంతులు పరిచాను. ఎంత భద్రంగా దాచుకుందో, పిచ్చితల్లి! ఆ పత్రిక వాళ్లకు మా ట్రంకుల సంగతి తెలియదు. తెలిసినా ఆ బొమ్మ వేసేవాళ్లేమో.

ఆ శనివారం చీర, పత్రిక రెండూ సంచిలో వేసుకుని అమ్మాయిని స్కూటరు తియ్యమన్నాను.

“కహాఁ?” అంది.

“సీతారాండేరా. టైలరు కాడికి. మాటాడకుండా నడువు, మళ్లీ నా మనసు మారిపోద్ది.”

టైలరు మాస్టారు చీరను బల్ల మీద పరిచి, పత్రికలో బొమ్మను కాసేపు చూసి, కత్తెర అందుకున్నాడు. నేను గోడవైపు తిరిగిపోయాను. వెనక నుంచి మా అమ్మాయి గొంతు వినిపించింది.

“మాస్టర్‌జీ, పల్లూ మత్ కాటియే.”

పైటచెంగు కోయొద్దంటోంది.

ఆ చెంగును ఇంటికి తెచ్చి, మడవకుండా చాపలా చుట్టి, ట్రంకు అడుగున పత్రిక కాగితాలు పరిచి తనే పెట్టింది. “అమ్మా, ఇది నీకే. ఇప్పుడే కాదు” అంది. తెలుగులోనే అంది.

“ఇప్పుడేటి తొందర నాకు!” అని కసిరాను. మొహానికీ గుండెకూ ఆ చెంగు చాలు. మిగతాది పూలు కప్పుతాయి.

పెళ్లినాడు పాస్టరు గారు అందర్నీ లేచి నిలబడమన్నారు. గుమ్మం దగ్గర నుంచి నా చీర నడిచి వస్తోంది. ప్రార్థన మొదలైంది, తల వంచమని పక్కావిడ మోచేత్తో పొడిచింది. నేను వంచలేదు. కళ్లారా చూసుకున్నాను.